మా అల్లుడు పోయే క్రికెట్ అకాడమీ, అనంతపురం: ఏడాదిన్నర చూసినాక రాస్తున్న రివ్యూ, నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా ఇది పెద్ద రివ్యూ. నెట్స్ ఎన్ని ఉన్నాయి, ఫీజు ఎంత, బాత్రూం ఎట్లుంది అని మాత్రమే చూసుకునేవాళ్లు నేరుగా కిందికి పోండి, అవన్నీ ఆఖర్లో రాసినా. నేను రాసేది వేరే విషయం. ఏ అకాడమీ బోర్డు మీదా ఏ పాంప్లెట్ లోనూ ఉండదు అది. పిల్లోడు తప్పు చేస్తే వీళ్లు ఏం చేస్తారు అని. చేర్పించేటప్పుడు మనలో ఎవరమూ ఆ మాట అడగం, ఎందుకంటే మన పిల్లోడు బంగారం కదా, తిట్టేది కొట్టేది ఎప్పుడూ పక్కింటోళ్ల పిల్లోడే.

మావాడు మా అక్క కొడుకు. ఇప్పుడు పదహారు నడుస్తాంది. లెఫ్టార్మ్ స్పిన్ వేస్తాడు, బాల్ బాగా తిప్పుతాడు, అది నేను మామని కాబట్టి చెప్పడం లేదు, చూసినోళ్లందరూ అంటారు. పేరు రాయను, రేపు పెద్దోడయినాక చదువుకుంటే బాగుండదు.

మా బావది కళ్యాణదుర్గం పక్కన పల్లె. శనక్కాయ వేసేవాడు. ఈ జిల్లావాళ్లకు ఇంగ నేను కొత్తగా చెప్పేదేముంది, విత్తనం వేసినప్పుడు వాన రాదు, కాయ పీకి పెట్టినప్పుడు వస్తుంది. నాలుగు బోర్లు వేయించినాడు, మూడింట్లో దుమ్మే లేచింది, నాలుగోదాంట్లో నీళ్లు పడినాయి గానీ ఎండాకాలం రాకముందే అదీ నిలిచిపోయింది. అప్పు మాత్రం నిలవలేదు. ఆయన బెంగళూరు పోయి ఒక అపార్ట్‌మెంట్ లో సెక్యూరిటీగా చేరినాడు, అక్క పిల్లోన్ని తీసుకొని టౌన్ కి వచ్చి మా ఇంటికి రెండు వీధుల అవతల బాడుగకుంది. ఇదంతా ఎందుకు రాస్తున్నానో కింద అర్థమైతాది.

ఇక్కడికి రాకముందు వాడు వేరే చోట నేర్చుకునేవాడు. ఆ చోటు పేరు చెప్పను, అవసరం లేదు. 2024 ఎండాకాలంలో అక్కడ ఫీజు రెండు నెలలు ఆలస్యమయింది, ఎవరో పిల్లోడు అందరి ముందర ఏదో అన్నాడంట, మావాడు ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టినాడు. కుర్చీ విరిగింది. తప్పే, కాదనను. వాళ్లు చేసిందేమంటే రాత్రి తొమ్మిదింటప్పుడు వాట్సాప్ గ్రూప్ లోంచి తీసేసినారు. అంతే. ఫోన్ లేదు, పిలిచి మాట్లాడింది లేదు, కుర్చీ డబ్బులు కట్టమని కూడా అనలేదు. పిల్లోడు ఫోన్ నా ముందర పెట్టి "మామా, నన్ను తీసేసినారు" అన్నాడు. నేను మరుసటి దినం పోతే ఆఫీస్ లో ఉండే ఆయన "డిసిప్లిన్ మాకు ముఖ్యం సార్" అని ఒక ముక్క చెప్పి ఫోన్ మాట్లాడుకుంటా బయటికి పోయినాడు.

ఆ తర్వాత మూడు నెలలు ఏమయిందో చెప్పాల. పొద్దున అయిదింటికి లేచే పిల్లోడు తొమ్మిదింటికి లేచేవాడు. సాయంత్రం టెన్నిస్ బాల్ మ్యాచ్ లు, మనిషికింత అని పందెం పెట్టి ఆడేవి, వాటికి పోయేవాడు. అక్కడ వీని కంటే పెద్దోళ్లు, వాళ్ల చేతుల్లో బెట్టింగ్ యాప్ లు. రెండు వేల మూడు వందలు పోగొట్టుకున్నాడు, అది అక్క పాల డబ్బులకని డబ్బాలో పెట్టినవి. డిసిప్లిన్ కోసమని తీసేసినారు కదా, ఆ డిసిప్లిన్ అంతా గ్రౌండ్ లోనే ఉంది సామీ, బయట ఉండేది ఇదే. వీధిలో ఎవడూ వానికి పొద్దున్నే లేవమని చెప్పడు.

సెప్టెంబర్ 2024 లో మన ఊర్లో దులీప్ ట్రోఫీ, అదే దేశంలోని పెద్ద ప్లేయర్లు టీంలుగా విడిపోయి ఆడే టోర్నీ, జరిగింది కదా, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల గ్రౌండ్ లో. అంత పెద్ద ప్లేయర్లు అనంతపురం రావడమే ఒక వింత, జనం బో వచ్చినారు. నేను లీవ్ పెట్టి మావాన్ని లాక్కొని పోయినా. ఆ దినం ఇషాన్ కిషన్ బ్యాటింగ్. ఇండియా సి అనే టీం తరపున 126 బాల్స్ లో 111 కొట్టినాడు. నా పక్కన కూర్చున్న ఒకాయన మావాన్తో "వీని కథ తెల్సా నీకు?" అని మొదలుపెట్టినాడు. 2023 ఆఖర్లో సౌతాఫ్రికా టూర్ మధ్యలో బ్రేక్ కావాలని ఇంటికి వచ్చేసినాడు, ఆ తర్వాత రంజీ, అదే రాష్ట్రాల టీంల టోర్నీ, ఆడలేదని 2024 ఫిబ్రవరిలో బోర్డు కాంట్రాక్ట్ లిస్ట్ లో పేరు లేకుండా పోయింది, శ్రేయస్ అయ్యర్ ది కూడా. అయినా చూడు ఈడికొచ్చి ఆడుతున్నాడు. వాళ్లు తలుపు మూసినారు గానీ గొళ్లెం పెట్టలేదు, అన్నాడు ఆయన. కిషన్ చేసింది తప్పా కాదా అనేది నాకు ఇప్పటికీ తెగలేదు, అలిసిపోయినా అని చెప్పుకోవడం తప్పెట్లా అయితాది. కానీ ఆ గొళ్లెం మాట నాకు పట్టుకుంది. ఆ పక్కన కూర్చున్న ఆయనే ఈ అకాడమీ సార్. లంచ్ టైం కి మావాని చేతిలో బాల్ పెట్టి గ్రిప్ చూపించమన్నాడు, ఆదివారం రమ్మన్నాడు. పాత చోట ఏం జరిగిందో నేనే చెప్పినా, దాచలేదు. "కుర్చీ నేను కూడా విరగ్గొట్టినా అన్నా, మా నాయన చానా తన్నినాడు" అన్నాడు.

ఇంగ అసలు విషయం.

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం. ఇంకో టీంతో ముప్పై ఓవర్ల మ్యాచ్. అంపైరింగ్ కి ఒక రిటైర్డ్ పీఈటీ సార్ వచ్చినాడు, డెబ్బై దగ్గర్లో ఉంటాడు, టోపీ పెట్టుకొని ఎండలో నిలబడి ఊరికే చేస్తాడాయన, టీ డబ్బులు కూడా తీసుకోడు. మావాడు రెండో ఓవర్ లో వరసగా మూడు వైడ్లు వేసినాడు. మూడోది నాకైతే వైడ్ కాదనే అనిపించింది, కానీ నేను ఉండేది మిడ్ వికెట్ బౌండరీ కాడ చెట్టు కింద. వీడు బాల్ తీసుకొని నేలకేసి కొట్టి ఆ పెద్దాయన్ని అమ్మ మీద తిట్టినాడు. గ్రౌండ్ అంతా వినపడింది. మా అక్క కూడా ఉంది ఆ దినం.

2017 లో క్రికెట్ రూల్స్ లో 42 అని కొత్తది పెట్టినారు, ప్లేయర్ బిహేవియర్ గురించే, నాలుగు లెవెల్స్ ఉంటాయి, చిన్నదానికి వార్నింగ్, దాని తర్వాత 5 పెనాల్టీ రన్స్, ఇంకా ఎక్కువైతే కొన్ని ఓవర్లు బయట, మరీ దారుణమైతే మ్యాచ్ మొత్తం బయట. ఆ పెద్దాయన అవన్నీ తీయకముందే మా సార్ లోపలికి నడిచి వచ్చి వీని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చినాడు. అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. టెంట్ లో అండర్ 12 పిల్లోడొకడు నవ్వినాడు, "వైడ్ల రాజా వచ్చినాడు" అన్నాడంట. మావాడు వాన్ని చెంప మీద కొట్టినాడు. పన్నెండేళ్ల పిల్లోన్ని. బుగ్గ మీద వేళ్లు పడినాయి.

నేను పరిగెత్తినా. సిగ్గుతో తల ఎత్తలేకపోయినా. సార్ కూడా వీన్ని ఒకటి పీకుతాడేమో అనుకున్నా, నిజం చెప్పాలంటే పీకాలనే అనుకున్నా. పీకలేదు. వీన్ని తీసుకపోయి తన బండి కాడ నీడలో కూర్చోబెట్టి నీళ్ల బాటిల్ ఇచ్చినాడు, అసిస్టెంట్ ని వీని పక్కన ఉంచినాడు, మళ్లీ టెంట్ లోకి పోయి ఆ చిన్నపిల్లోని కాడ కూర్చున్నాడు. నేను పోయి "సార్ ఇంటికి తీస్కపోయి నేను చూస్కుంటా వీని సంగతి" అంటే, "ఈ దినం ఎవరూ ఏం చూస్కోవద్దన్నా, అందరం కోపంగా ఉన్నాం, రేపు సాయంత్రం ఆరుకి అక్కను కూడా పిల్చుకొని రా. అంతవరకు వాన్ని కొట్టను అని నాకు మాటియ్యి" అన్నాడు. ఇచ్చినా. కష్టంగానే.

మరుసటి దినం గ్రౌండ్ లో, ఫ్లడ్ లైట్ ఏం లేదు, స్టోర్ రూం బయట ఒక బల్బు, దాని కింద నాలుగు కుర్చీలు. సార్ వాన్ని ఎందుకు తిట్టినావు ఎందుకు కొట్టినావు అని అడగలేదు. శనివారం రాత్రి ఏం జరిగింది అని అడిగినాడు. వాడు చెప్పడు. మా అక్క కొంగు నలుపుకుంటా కూర్చుంది. కొంచేపయినాక అక్కే చెప్పింది. శనివారం రాత్రి అప్పులోళ్లు ఇద్దరు వచ్చి వసారాలో కూర్చున్నారంట, పది దాకా లేవలేదంట, పిల్లోన్ని లోపల రూంలో పెట్టి గడి వేసింది. ఆఖరికి చెవుల కమ్మలు తీసి ఇస్తే పోయినారు. రెండు వీధుల అవతల ఉన్నా నేను, నాకు తెలీదు. అక్క చెవులు బోడిగా ఉండేది ఆ దినం గ్రౌండ్ లో చూసినా కూడా నాకు తట్టలేదు. పిల్లోడు తలొంచుకొని "ఆ సార్ వైడ్ ఇచ్చినప్పుడల్లా అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది" అన్నాడు. అప్పుడు ఏడ్చినాడు.

ఇక్కడ మామూలుగా రెండే జరుగుతాయి. అయ్యో పాపం అని వదిలేస్తారు, లేదా అవన్నీ మాకొద్దు అని తీసేస్తారు. సార్ రెండూ చేయలేదు. "కారణం తెలిసింది నాయనా. కానీ ఆ చిన్నోని చెంపకు నీ కారణం తెలీదు కదా" అని నోట్ బుక్ లోంచి ఒక గీతల పేపర్ చింపి, వాని ముందరే రాసినాడు. ఆ పేపర్ ఇప్పటికీ మా ఇంట్లో బీరువాలో ఉంది. అయిదు వారాలు మ్యాచ్ లు లేవు. మార్చి 16 ఆదివారం నుంచి మళ్లీ ఆడొచ్చు, తేదీ కింద రెండు గీతలు. ప్రాక్టీస్ కి మాత్రం రోజూ రావాల, ఒక్క దినం మానినా లెక్క మళ్లీ మొదటినుంచి. ఆదివారాలు అండర్ 12 మ్యాచ్ లకు స్కోర్ రాయాల. అంపైర్ సార్ ఇంటికి పోయి క్షమించమని అడగాల, సార్ జతకు వస్తాడు, అందరి ముందర కాదు. చిన్నపిల్లోని దగ్గరికి మాత్రం వాడు, వాళ్లింట్లోవాళ్లు ఒప్పుకుంటేనే పోవాల, ఒప్పుకోకుంటే లేదు. కింద వాని సంతకం, అక్క సంతకం, సార్ సంతకం.

ఆ తేదీ రాసినాడు చూడండి, నాకు అన్నిటికంటే అది నచ్చింది. ఎప్పుడు తిరిగి రావొచ్చో తెలిస్తే పిల్లోడు దినాలు లెక్కపెట్టుకుంటాడు. "చూద్దాంలే" అంటే వీధిలోకి పోతాడు, మాకు అనుభవమే కదా.

స్కోర్ రాయడం గురించి చెప్పాల. నేను మొదట అదేదో తేలిక పని ఇచ్చినాడే అనుకున్నా. స్కోరర్ ఉత్త రాసుకుంటా కూర్చుంటే సరిపోదు, అంపైర్ ఏ సిగ్నల్ ఇచ్చినా స్కోరర్ చెయ్యెత్తి చూసినా అని చూపించాల, వీడు చెయ్యెత్తేదాకా అంపైర్ మ్యాచ్ నడపడు. ఆ నాలుగు ఆదివారాలకూ అంపైర్ ఎవరనుకుంటున్నారు? ఆ పెద్దాయనే. అండర్ 12 పిల్లోళ్లంటే తెల్సు కదా, ఓవర్ కి మూడు వైడ్లు గ్యారంటీ. ఆయన రెండు చేతులు చాపుతాడు, ఈడ చెట్టు కింద స్టూల్ మీద కూర్చొని మావాడు చెయ్యెత్తుతాడు, బుక్ లో ప్లస్ గుర్తు పెడతాడు. మళ్లీ ఆయన చేతులు చాపుతాడు, మళ్లీ వీడు చెయ్యెత్తుతాడు. మొదటి ఆదివారం వీని చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు, ఆయన ఆడనే నిలబడి వీనివైపు చూస్తా ఉండిపోయినాడు, ఫీల్డ్ లో పిల్లోళ్లందరూ ఆగిపోయినారు, అప్పుడు ఎత్తినాడు. మూడో వారానికి వాడే నాతో అన్నాడు, "మామా, ఆయనకు లెగ్ సైడ్ సరిగ్గానే కనపడతాది, నాదే వైడ్ అనుకుంటా" అని. నేనేం మాట్లాడలేదు. నా లెక్కలో అది వైడ్ కాదు, ఇప్పటికీ.

పెద్దాయన ఇంటికి పోయినప్పుడు నేను లేను. వాడు చెప్పిందేమంటే, ఆయన క్షమాపణ వినేసి "ఉగ్గాని తింటావా" అని అడిగినాడంట, ఆయమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెట్టిందంట. సార్ మూడు బజ్జీలు తిన్నాడంట. అంతకంటే ఏం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సార్ ఫ్రెండ్ ఒకాయన వచ్చినాడు, ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తాడు. మన ఊర్లో ఫుట్‌బాల్ పిచ్చోళ్లు ఎక్కువే కదా. ఆయన ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ లో ఆడిన ఎరిక్ కాంటొనా గురించి చెప్పినాడు. 1995 జనవరిలో క్రిస్టల్ ప్యాలెస్ తో మ్యాచ్, రెడ్ కార్డ్ ఇస్తే బయటికి పోతా పోతా, తిట్టిన ప్రేక్షకున్ని ఎగిరి తన్నినాడు. అబ్బా అంత పెద్ద ప్లేయర్ కదా అని వదల్లేదు, క్లబ్ వాళ్లే సీజన్ మొత్తం ఆపినారు, అక్కడి ఫుట్‌బాల్ సంఘం దాన్ని సెప్టెంబర్ ఆఖరు దాకా పొడిగించింది, కోర్టు మొదట రెండు వారాలు జైలు అన్నది, అప్పీల్ లో అది మార్చి 120 గంటలు సమాజసేవ చేయమన్నది. ఆయన ఏం సేవ చేసినాడంటే పిల్లోళ్లకు ఫుట్‌బాల్ నేర్పించినాడు. మధ్యలో ఇంగ ఇంగ్లండ్ వద్దు పోతా అంటే మేనేజర్ ఫెర్గూసన్ ప్యారిస్ దాకా పోయి కూర్చొని మాట్లాడి తెచ్చుకున్నాడు. అక్టోబర్ 1 న లివర్‌పూల్ మీద తిరిగొచ్చి గోల్ కొట్టినాడు, ఆ సీజన్ లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ వాళ్లవే. మా సార్ ఆ స్కోర్ రాసే శిక్ష ఈ కథ విని పెట్టినాడా, సొంతంగానే పెట్టినాడా అని అడిగితే నవ్వినాడు గానీ చెప్పలేదు.

మనోళ్లలో కూడా ఉంది. 2019 జనవరిలో టీవీ షోలో ఆడోళ్ల గురించి చెత్తగా మాట్లాడినందుకు హార్దిక్ పాండ్యాని, కేఎల్ రాహుల్ ని ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిచినారు, తర్వాత చెరి 20 లక్షలు ఫైన్ పడింది. కానీ సస్పెన్షన్ ఎత్తేసినాక రాహుల్ ని ఇండియా 'ఎ' టీంలోకి (మెయిన్ టీం కింద ఉండే టీం) పంపినారు, అక్కడ కోచ్ ద్రావిడ్. ఆ టైం తనకు చానా పనికొచ్చిందని రాహులే తర్వాత చెప్పినాడు. ఫైన్ తో మనిషి మారడు, ఫైన్ కట్టినాక ఎవరి చేతికి అప్పచెప్పినారు అనేదాంట్లో ఉంటాది. నా వయసోళ్లకు ఇంకో పేరు గుర్తొస్తాది, వినోద్ కాంబ్లీ, చిన్న వయసులోనే టెస్ట్ టీంలోంచి పోయిన బ్యాట్స్‌మన్. 17 టెస్టులు, 1084 పరుగులు, 54 యావరేజ్, 1993 లో వరసగా రెండు డబుల్ సెంచరీలు, ఆఖరి టెస్ట్ ఆడేనాటికి ఇరవై మూడేళ్లు. ఎవరి తప్పు ఎంత అని నేనెట్లా చెప్తా, కానీ ఆ లెక్కలు చూసినప్పుడల్లా కడుపులో ఏదో అయితాది.

మావాడు మారిపోయినాడు, దేవుడైపోయినాడు అని రాస్తే అబద్ధం. ఏప్రిల్ లో మళ్లీ ఒకసారి అవుటయినాక కిట్ బ్యాగ్ ని తన్నినాడు, అది వానిదే కాబట్టి సరిపోయింది. సార్ మళ్లీ పేపర్ తీసినాడు, రెండు వారాలు. కరెక్ట్ గా ఆ నెలలోనే కిషన్ కి, అయ్యర్ కి బోర్డు కాంట్రాక్ట్ తిరిగి వచ్చింది, సార్ ఆ న్యూస్ ని వానికి ఫార్వర్డ్ చేసినాడు, కింద ఏం రాయలేదు. వీడు దానికి థంబ్ పెట్టినాడు.

ఇప్పుడు ఒక స్టార్ ఎందుకు తగ్గించినానో.

మొదటిది, ఆ దెబ్బ తిన్న చిన్నపిల్లోడు. ఆ దినం సార్ వాని కాడ కూర్చున్నాడు సరే, ఆ తర్వాత రెండు వారాలు వాళ్లింటికి ఎవరూ పోలేదు, ఫోన్ లేదు. వాళ్ల నాయన గ్రౌండ్ కి వచ్చి అరిస్తే ఆఫీస్ లో ఉండే అబ్బాయి "చూస్కుంటాం సార్" అన్నాడు. మావానికి పేపర్, తేదీ, సంతకాలు అన్నీ ఉన్నాయి. ఆ పిల్లోని ఇంట్లోవాళ్లకు ఏం జరుగుతాందో చెప్పేవాడు లేడు, కొట్టినోడు రోజూ ప్రాక్టీస్ కి వస్తాన్నాడు, వాళ్లకు ఎట్లుంటాది? వాడు పది దినాలు రాలేదు. మావైపు వాళ్లమే అయినా చెప్తున్నా, మా ఇంటి కంటే ముందు వాళ్లింటికి పోయి ఉండాల. తర్వాత వాళ్లు ఒప్పుకున్నారు, మావాడు పోయి సారీ చెప్పినాడు, ఆ పిల్లోడు తలూపినాడు. అంతే. ఇప్పటికీ మావాడు టెంట్ లోకి వస్తే వాడు లేచి అవతలి పక్కకు పోతాడు. అది అయిదు వారాల్లో పోయేది కాదు.

రెండోది, అంతా ఒక్క మనిషి మీద నడుస్తాంది. ఆ సార్ కి ఆ గుణం ఉంది, సరే. రేపు ఆయన వేరే ఊరు పోతే? ఇన్ని వేలు బాల్స్ కి నెట్స్ కి పెడతారు, నెలకు ఒకసారి పిల్లోళ్లతో మాట్లాడే కౌన్సెలర్ ని పిలిపించలేరా? ఇదే మాట సార్ తో అంటే ఆయనే 14416 నంబర్ ఇచ్చినాడు, టెలిమానస్ అని గవర్నమెంట్ ది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నేను ఫోన్ కలిపి వాని చేతికిచ్చి కిందికి దిగి వచ్చేసినా, మిద్దె మీద ఇరవై నిమిషాలు మాట్లాడినాడు, ఏం మాట్లాడినాడో నేనడగలేదు. మీ ఇంట్లో ఎవరికన్నా పనికొస్తాదని నంబర్ ఇక్కడ పెడుతున్నా.

మూడోది చెప్పాలా వద్దా అని చానా సేపు ఆలోచించినా. మావాడు చేరిన కొత్తలో ఇంకో పిల్లోడు ఉండేవాడు, ఎక్కడ పెట్టినా కుదిరేవాడు కాదు, బ్యాటింగ్ రాదు, క్యాచ్ పడితే వార్తే. వాడు ఎవరిదో గ్లౌజులు దొంగతనం చేసి అమ్మినాడు. వాన్ని రెండో దినం నుంచి ఎవరూ చూళ్లేదు. ఫీజులో మిగిలింది తిరిగి ఇచ్చేసినారంట. పేపర్ లేదు, తేదీ లేదు, బల్బు కింద నాలుగు కుర్చీలు లేవు. మావాని గొడవ అయిపోయినాక, మార్చిలో అనుకుంటా, నేను సార్ ని అడిగినా. సార్, మావాడు బాల్ తిప్పకపోయి ఉంటే ఈ పేపర్ రాసి ఉంటారా అని. కాంటొనాని కూడా కాంటొనా కాబట్టి ప్యారిస్ పోయి తెచ్చుకున్నారు కదా. ఆయన కొంచేపు రోలర్ వైపు చూసి, "వాని నాయనకు ఫోన్ చేసినా అన్నా, రాను అన్నాడు" అన్నాడు. మళ్లీ ఆయనే, "రెండోసారి నేను చేయలేదు" అన్నాడు. ఆ స్టార్ అదే. ఆయన దాచకుండా చెప్పినాడు కాబట్టి ఒక్కటే తగ్గించినా, లేకుంటే రెండు పోయేవి.

మీరు పిల్లోన్ని ఎక్కడ చేర్పించినా సరే, ఫీజు అడిగే ముందు ఇది అడగండి: పోయిన ఏడాది ఇక్కడ గొడవ చేసిన పిల్లోళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? జవాబు చెప్పలేకపోతే బండి తిప్పుకొని వచ్చేయండి.

సరే ఇంగ మామూలు వివరాలు. నెట్స్ అయిదు, రెండు సిమెంట్, రెండు మ్యాటింగ్, ఒకటి టర్ఫ్, టర్ఫ్ మీద చిన్నోళ్లను ఎక్కనీయరు. బౌలింగ్ మిషన్ ఉంది, చెడిపోయి ఉంది, నేను చేర్పించినప్పటినుంచి రిపేర్ కి పోతానే ఉంది. నెలకు పద్దెనిమిది వందలు, డ్రెస్ కి వేరే. ఆలస్యమయితే సార్ ఇంట్లోవాళ్లకు విడిగా ఫోన్ చేస్తాడు, పిల్లోళ్ల ముందర అడగడు, ఈ ఒక్కదానికి నేను ఇంకో స్టార్ ఇచ్చేవాన్ని. ఆడపిల్లోళ్ల బ్యాచ్ సాయంత్రం నాలుగున్నరకు. తాగే నీళ్లు పర్వాలేదు, బాత్రూం బాగాలేదు, మూడుసార్లు చెప్పినాం. సప్తగిరి సర్కిల్ నుంచి ఆటో ఎక్కితే గేట్ దాకా రాదు, మట్టి రోడ్డు కాడ దించుతాడు, అక్కడినుంచి అయిదు నిమిషాలు నడక, వానాకాలం చెప్పులు చేతిలో పట్టుకోవాల. ఫోన్ పొద్దున తొమ్మిది తర్వాత చేయండి, ముందు చేస్తే ఎత్తరు, గ్రౌండ్ లో ఉంటారు.

ఆదివారం వచ్చి చూడాలనుకుంటే చెట్టు కింద స్కోర్ టేబుల్ కాడ కూర్చోండి. ఇప్పుడు స్కోర్ రాసేది మావాడు కాదు, ఇంకో పిల్లోడు. ఎందుకు రాస్తున్నాడో నేనడగలేదు, మీరూ అడగొద్దు.